గుక్క చాలడం లేదు, పై షడ్జం దగ్గర గొంతు పట్టేస్తోంది: కొత్తగా పాడేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు మూడు ఇబ్బందులు చెప్పారు. చరణం సగంలోనే గుక్క అయిపోతోంది. పై షడ్జం, అంటే పై 'స', దగ్గర గొంతు పట్టేస్తోంది. గంటసేపు పాడితే మర్నాడు బడిలో పాఠం చెప్పలేనంతగా బొంగురుపోతోంది. సంగీతం మొదలుపెట్టి ఆరు నెలలైందనీ, శనివారం భజన బృందంలో కూడా పాడుతున్నాననీ రాశారు. యూట్యూబ్‌లో ఒకాయన పొట్టతో ఊపిరి తీసుకోమన్నాడు, యోగా మాస్టారు ఊపిరి బిగబట్టే కుంభకం చేయమన్నారు, అత్తగారు మిరియాలు బుగ్గన పెట్టుకోమన్నారు, వీళ్లలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

అత్తగారి మాట వింటే నష్టమేమీ లేదు. మిగతా ఇద్దరి సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా పిల్లలకూ, ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చే పెద్దలకూ గాత్రం చెప్తున్నాను. పెద్దయ్యాక పాట మొదలుపెట్టినవాళ్లు తరచుగా ఈ మూడు ఫిర్యాదులతోనే వస్తారు, మూడూ వేర్వేరు సమస్యలనుకుంటారు. చాలామందిలో మూలం ఒకటే ఉంటుంది: ఊపిరిని అదుపు చేసే పనిని గొంతుకు అప్పగించేస్తారు.

గుక్క చాలడం లేదనగానే ఎవరైనా ముందు చేసేది ఇంకా ఎక్కువ గాలి పీల్చడం. భుజాలు లేస్తాయి, ఛాతీ ఉబ్బుతుంది, మెడ నరాలు తేలతాయి. తీరా పాట మొదలుపెడితే మొదటి రెండు అక్షరాల్లోనే సగం గాలి ఖర్చయిపోతుంది. దానికి కారణం ఉంది. సాగిన ఊపిరితిత్తులు, విచ్చుకున్న పక్కటెముకలు వదిలేస్తే వాటంతట అవే వెనక్కి ముడుచుకుంటాయి. ఎంత ఎక్కువ నింపితే ఆ తోపుడు అంత ఎక్కువ. కొండమీద క్యూ కాంప్లెక్స్‌లో కంపార్టుమెంటు గేటు తీసినప్పుడు చూసే ఉంటారు. జనమంతా ఒక్కసారిగా మీదికి వస్తుంటే గేటు దగ్గరున్న ఒక్క మనిషి చేతులు అడ్డం పెట్టి ఆపాల్సి వస్తుంది. మీ గొంతులో స్వరతంత్రులు ఇప్పుడు ఆ మనిషి ఉద్యోగం చేస్తున్నాయి.

నిజానికి వాటికి వేరే పని ఉంది. రెండు సెంటీమీటర్లు కూడా ఉండని ఆ రెండు మడతలు, ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియం ఐదో తెల్లమెట్టును షడ్జంగా పెట్టుకుని, పాడే ఆడవాళ్లకు మధ్య షడ్జం దగ్గర సెకనుకు దాదాపు 196 సార్లు, పై షడ్జం దగ్గర దానికి రెట్టింపు, అంటే 392 సార్లు కంపించాలి. అంత సున్నితమైన పని చేస్తూనే గాలి తోపుడును కూడా అడ్డుకోవాలంటే బిగుసుకుపోతాయి. పై స్థాయిలో పట్టేయడమూ అందుకే, మర్నాటి బొంగురూ అందుకే.

అందుకని నా దగ్గరకు వచ్చినవాళ్లకు ఊపిరి పీల్చడం తర్వాత చెప్తాను, వదలడం ముందు చెప్తాను. ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే ఒక చుట్టు, ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు కదా. గోడ గడియారం సెకన్ల ముల్లును చూస్తూ సెకనుకొక లెక్క చొప్పున తాళం వేయండి. మామూలుగా, హాయిగా ఊపిరి తీసుకుని, పళ్ల సందుల్లోంచి 'స్…' అని సన్నగా వదలండి. మొదట ఒక ఆవర్తనం చాలు. ధ్వని మొదటి అక్షరం దగ్గర ఎంత ఉందో ఎనిమిదో అక్షరం దగ్గరా అంతే ఉండాలి. మొదట బుస్సుమని, చివర పిసరంతగా వినిపిస్తే గాలి మీ అదుపులో లేదన్నమాట. అది సమానంగా వచ్చాక పన్నెండు అక్షరాలు, తర్వాత రెండు ఆవర్తనాలు. అక్కడ ఆగండి. కొత్తవాళ్లకు పదహారు సెకన్ల నిలకడైన గాలి వస్తే కీర్తనలో వచ్చే చాలా పాదాలకు సరిపోతుంది. నలభై సెకన్లు పట్టగలనా అని పోటీలు పెట్టుకుంటే చివర్లో మళ్లీ గొంతే బిగుస్తుంది.

ఇది చేస్తున్నప్పుడు రెండు చేతులూ డొక్కల మీద, బొటనవేళ్లు వీపు వైపు ఉండేలా పెట్టుకోండి. ఊపిరి తీసుకున్నప్పుడు డొక్కలు పక్కలకూ, కొంచెం వెనక్కీ విచ్చుకోవాలి. వదులుతున్నప్పుడు అవి వెంటనే కూలిపోకూడదు. ఇంకా పీలుస్తూనే ఉన్నామన్న భావన కాసేపు నిలుపుకుంటూ నెమ్మదిగా దగ్గరకు రానివ్వాలి. పాడేవాళ్ల ఊపిరి విద్య అంతా ఇక్కడే ఉంది. గాలి తోపుడును పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు కలిసి మోస్తుంటే గొంతుకు బరువు తగ్గుతుంది.

ఇప్పుడు యూట్యూబ్ సలహా. మన గురువులు 'నాభి నుంచి పాడు' అంటారు, ఆయన 'పొట్టతో ఊపిరి' అంటున్నాడు. రెండింటి ఉద్దేశం ఒకటే. పొట్టలోకి గాలి వెళ్లదు. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న డయాఫ్రం అనే కండరం ఊపిరి తీసుకున్నప్పుడు కిందికి దిగుతుంది, దాని కిందున్న పేగులూ అవీ జరిగి చోటిస్తాయి, అందువల్ల పొట్ట ముందుకు వస్తుంది. అంటే పొట్ట కదలడం ఫలితం మాత్రమే. వీడియో చూసి చాలామంది పొట్టను కావాలని బయటికి తోస్తున్నారు, గాలి మాత్రం పైపైనే తీసుకుంటున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. తేడా తెలియాలంటే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, బొడ్డు మీద ఒక పాఠ్యపుస్తకం పెట్టుకోండి. మాట్లాడకుండా, ఏమీ ప్రయత్నించకుండా ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోండి. పుస్తకం దానంతట అదే లేచి దిగుతుంది. నిద్రలో మనమంతా ఊపిరి తీసుకునేది ఇలాగే. లేచి కూర్చున్నాక అదే కదలిక వెతుక్కోవాలి.

కుంభకం గురించి మీ యోగా మాస్టారు నొచ్చుకోకపోతే ఒక మాట. ఆరోగ్యం కోసం, ధ్యానం కోసం చేస్తే అది వేరే విషయం. పాట కోసం మాత్రం నేను చేయించను. ఊపిరి బిగబట్టమంటే మనలో ఎక్కువమంది చేసే పని గొంతు మూసేయడం. ఏ అలవాటు పోవాలని చూస్తున్నామో దాన్నే రోజూ పొద్దున్నే సాధన చేసినట్టవుతుంది. గాలిని విసురుగా వదిలే కపాలభాతి, భస్త్రిక కూడా పాటకు ముందు వద్దు. ప్రాణాయామం ఇష్టమైతే భ్రామరి చేయండి. పెదవులు మూసి 'మ్…' అని తుమ్మెదలా ఝుంకారం చేసే ఆ పద్ధతి గొంతుకు చాలా మంచిది. నోరు మూసి ఉండటం వల్ల స్వరతంత్రులకు పైనుంచి కూడా కొంత ఒత్తిడి అందుతుంది, అవి ఒకదానికొకటి మెత్తగా తగులుతాయి.

అదే సూత్రం మీద పనిచేసే ఇంకో చిట్కా కూడా ఉంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా చివర రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, స్ట్రాలోకి 'ఊ' అంటూ మధ్య షడ్జం పట్టండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. తర్వాత షడ్జం నుంచి పంచమం, అంటే 'ప', దాకా జారుతూ వెళ్లి, జారుతూ రండి. బుడగలు ఆగిపోయాయంటే గాలి ఆగిందన్నమాట, ఉవ్వెత్తున లేచాయంటే తోశారన్నమాట. మీరెలా పాడుతున్నారో గ్లాసే చెప్పేస్తుంది, పక్కన గురువు ఉండక్కర్లేదు. రోజుకు ఐదు నిమిషాలు చాలు. బడి నుంచి అలసిపోయి వచ్చినరోజు మిగతా సాధన మానేసినా ఇది మానకండి.

ఇక కూర్చోవడం. మనది నేలమీద కూర్చుని పాడే సంప్రదాయం. చిన్నప్పటి నుంచీ అలవాటున్నవాళ్లకు ఇబ్బంది లేదు. రోజంతా బడిలో నిలబడి, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చునేవాళ్లు బాసింపట్టు వేసుకుంటే పది నిమిషాల్లో నడుము వెనక్కి ఒరిగిపోతుంది, వీపు గూనిగా వంగుతుంది, డొక్కలు ముడుచుకుపోతాయి. అక్కడ ఎంత ఊపిరి సాధన చేసినా గాలికి చోటు లేదు. మడతపెట్టిన దుప్పటినో, గట్టి దిండునో పిరుదుల కింద పెట్టుకోండి. మోకాళ్లు నడుము కన్నా కిందికి ఉంటే వెన్ను దానంతట అదే నిలబడుతుంది. దిండు పెట్టుకుంటే ఎవరేమనుకుంటారో అని మొహమాటపడేవాళ్లను చూశాను. కచేరీ వేదిక మీద పెద్దవాళ్లు కూడా కింద ఏదో ఒకటి వేసుకునే కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో పాడండి. వీపు ఆనించకుండా ముందుకు కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనేలా ఉంటే చాలు.

వెన్ను కన్నా ఎక్కువ నష్టం చేసేది ఇప్పుడు ఫోను. సాహిత్యం ఫోనులో పెట్టుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని పాడతారు. గడ్డం ఛాతీకి ఆనుకుపోతుంది, గొంతులో దారి ఇరుకవుతుంది. పై స్వరం రాగానే ఆ ఇరుకులోంచి తప్పించుకోవడానికి గడ్డం ఒక్కసారిగా పైకెత్తుతారు. ఇదీ తప్పే. గడ్డం ఎత్తి మెడ చాచితే స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలన్నీ బిగుస్తాయి. ఫోనునో పుస్తకాన్నో కళ్ల ఎత్తుకు దగ్గరగా దేనికైనా ఆనించి పెట్టండి. మీరు టీచరు కాబట్టి పిల్లల చేత కంఠస్థం చేయిస్తారు కదా, మీరూ చేయండి, అన్నిటికన్నా మంచిది.

పై షడ్జం దగ్గర ఏం జరుగుతోందో అద్దంలో చూసుకోండి. కనుబొమలు లేస్తున్నాయా, దవడ ముందుకొస్తోందా, నాలుక వెనక్కి ముద్దగా పోతోందా? గొంతు ముందు భాగంలో చేతికి గట్టిగా తగిలేదే స్వరపేటిక. దాని మీద వేలు ఆనీఆననట్టు పెట్టి ఒక గుటక మింగండి, అది పైకి ఎగిరి దిగుతుంది. ఆవులించండి, కిందికి దిగుతుంది. పైకి పాడేటప్పుడు అది కొంచెం లేస్తే ఫరవాలేదు. గుటక వేసినంతగా పైకి పోయి అక్కడే ఇరుక్కుపోతుంటే అదే మీ పట్టేయడం. నాలుక కొన కింది పళ్ల వెనక తగిలేలా ఉంచి, ఆవులింత మొదలవుతున్నట్టు లోపల చోటిచ్చి, తక్కువ ధ్వనితో పాడి చూడండి. పాడుతూనే తలను 'కాదు కాదు' అన్నట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పండి. తల తిరగనని మొరాయిస్తే మెడ పట్టి ఉంచిందన్నమాట.

ఆకారం, అంటే 'ఆ' అంటూ పాడటం, మొదలుపెట్టే తీరు కూడా గమనించండి. కొందరు 'హా' అని మొదలుపెడతారు, గాలి అక్కడే సగం కారిపోతుంది. కొందరు 'ఆ' ముందు గొంతులో టక్కుమని కొడతారు, అది గొంతును రాసేస్తుంది. 'మా' అని మొదలుపెట్టి, మెల్లగా మకారాన్ని తీసేస్తూ రండి. సాహిత్యంలో కూడా స, హ, ఖ, భ లాంటి అక్షరాలు గాలిని బాగా తింటాయి. వాటిని స్పష్టంగా పలకాలి కానీ ఊదకూడదు.

గుక్క ఎక్కడ తీసుకోవాలో ముందే నిర్ణయించుకోండి. మీ పుస్తకంలో పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. 'వేంక' అని ఆగి ఊపిరి పీల్చి 'టేశ్వర' అంటే సాహిత్యం చచ్చిపోతుంది. పదం దగ్గర, అర్థం దగ్గర ఆగాలి. అన్నమయ్య కీర్తనలకు ఈ సౌకర్యం ఎక్కువ, మాట మాట్లాడినట్టే నడుస్తాయి కాబట్టి ఆగే చోటు చెవికే తెలుస్తుంది. ఊపిరి చప్పుడు కాకుండా తీసుకోవాలి. వ్యవధి ఉంటే ముక్కుతో, లేకపోతే నోరు కొంచెం తెరిచి. పీల్చినప్పుడు 'హుఁ' అని వినిపిస్తే గొంతు అప్పటికే సగం మూసుకుని ఉందని గుర్తు. గాలి పూర్తిగా అయిపోయేదాకా లాగకండి, కొంత మిగిలి ఉండగానే తీసుకోండి.

ఇంత చెప్పాను కానీ, మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే నేను అడిగే మొదటి ప్రశ్న వేరే: ఏ శ్రుతిలో పాడుతున్నారు? మీరు రాయలేదు. క్లాసులో పదిమంది ఉంటే అందరూ ఒకే శ్రుతికి పాడక తప్పదు, భజనలో అయితే హార్మోనియం ఆయన ఏ మెట్టు పడితే అదే. ఆడవాళ్లు ఎక్కువగా నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య, మగవాళ్లు ఒకటి నుంచి రెండు మధ్య పాడుతుంటారు. అందరూ అందులో ఇమడాలని లేదు. నాలుగులో పాడే ఆడవాళ్లున్నారు, వాళ్ల పాటకేమీ లోటు లేదు. కింద మంద్ర పంచమం, అంటే మధ్య షడ్జానికి కిందున్న 'ప', వినబడేలా పలకాలి, పైన తారస్థాయి గాంధారం, అంటే పై షడ్జం దాటాక వచ్చే 'గ', అరవకుండా అందాలి. ఈ రెండూ కుదిరే శ్రుతి మీది. శ్రుతిపెట్టె యాప్‌లో అరమెట్టు అరమెట్టుగా మారుస్తూ రెండు మూడు వేర్వేరు రోజులు చూడండి, ఒక్క రోజులో తేల్చకండి. పై షడ్జం దగ్గర పట్టేయడం అరమెట్టు దించగానే సగం తగ్గిపోయినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు. శ్రుతి దించడం చిన్నతనం అనుకోవడం మనవాళ్ల జబ్బు.

సాధన ఎంతసేపు అంటే, గంట ఒకేసారి కాకుండా ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు. లేవగానే పాడకండి. ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, నాలుగు మాటలు మాట్లాడి గొంతు మేలుకున్నాక మంద్రంలో మొదలుపెట్టండి. సరళీ వరసలు మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, ఆకారంలో. మూడో కాలం తొందర వద్దు. వేగం పెరిగితే తప్పులు దాక్కుంటాయి.

మీ వృత్తి గురించి కూడా చెప్పాలి. నలభైమంది పిల్లల మీద రోజంతా అరిచి, సాయంత్రం పాటతో గొంతు పాడైందంటే తప్పు పాటది కాకపోవచ్చు. గోల చేస్తుంటే అరవకుండా డస్టర్‌తో బల్ల మీద కొట్టండి, చప్పట్లు చరచండి. బడి నుంచి రాగానే పాడకుండా ఒక అరగంట మౌనంగా ఉండండి. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోకండి, గొంతుకు అదీ శ్రమే. మాటిమాటికీ ఖాకరించడం మానండి. అలా చేసినప్పుడల్లా స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. గుటకెడు నీళ్లు తాగితే ఆ కోరిక పోతుంది.

నీళ్ల విషయంలో ఒకటి తెలుసుకోండి. మనం తాగిన నీళ్లు, తిన్న తేనె, నమిలిన మిరియాలు స్వరతంత్రుల మీదుగా పోవు, పక్కనున్న ఆహారనాళంలోకి పోతాయి. స్వరతంత్రుల మీదికి పోతే పొలమారుతుంది. కాబట్టి పాటకు ఐదు నిమిషాల ముందు లీటరు నీళ్లు తాగితే ఉపయోగం లేదు. రోజంతా కొంచెం కొంచెం తాగితేనే ఒంట్లో తడి తగ్గకుండా ఉంటుంది, ఎండలు 40 డిగ్రీలు దాటే మన తిరుపతి వేసవిలో మరీనూ. నేరుగా అక్కడికి చేరేది ఆవిరి ఒక్కటే, అదీ ఉత్త నీళ్ల ఆవిరి చాలు, బామ్ కలపక్కర్లేదు. మిరియాలు, కరక్కాయ, అతిమధురం బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి హాయిగా ఉంటుంది, అందుకే అత్తగారి మాట వినమన్నాను. బీపీ ఉన్నవాళ్లు మాత్రం అతిమధురం రోజూ వాడకండి, బీపీ పెంచుతుంది. రాత్రి పదింటికి సంకటి, ఊరిబిండి కడుపునిండా తిని వెంటనే పడుకునే అలవాటుంటే మార్చుకోండి. కడుపులో ఆమ్లం గొంతుదాకా ఎగదన్ని పొద్దున్నే బొంగురుగా ఉంటుంది. తిండికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలుండాలి.

బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, పాడేటప్పుడు నొప్పి వస్తుంటే, మాట మధ్యలో గొంతు తెగిపోతుంటే చిట్కాలు ఆపేసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో కూడా చూస్తారు. టీచర్లకు, పాడేవాళ్లకు స్వరతంత్రుల మీద చిన్న కాయలు రావడం కొత్తేమీ కాదు, ముందే చూసుకుంటే ఎక్కువగా విశ్రాంతితో, గొంతు వాడే పద్ధతి మార్చుకోవడంతో తగ్గుతాయి.

చివరగా, వచ్చే నెల భజన బృందంతో అలిపిరి మెట్ల మీదుగా వెళ్లి కొండమీద పాడతామన్నారు. మూడున్నర వేల పైచిలుకు మెట్లు ఎక్కుతుంటే ఒంటికి కావాల్సిన గాలే ఎక్కువ, పాటకు మిగిలేది తక్కువ. ఆ సమయంలో గట్టిగా పాడితే మొత్తం గొంతు మీదే పడుతుంది. గోవింద నామాలు ఎవరో ఒకరు చెప్పనివ్వండి, మీరు 'గోవిందా' అని మెల్లగా అందుకోండి. మెట్లు నిటారుగా ఉండే మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం అదీ మానేసి మనసులో అనుకోండి. వీలైతే ముందురోజే ఎక్కి, రాత్రి చలిగాలికి మెడకు శాలువా చుట్టుకుని, నిద్రపోయి మర్నాడు పాడండి. అదే రోజు పాడాల్సి వస్తే కనీసం రెండు గంటలు కూర్చుని, నీళ్లు తాగి, స్ట్రా సాధన ఒకసారి చేసుకోండి. మైకును నోటికి బెత్తెడు దూరంలో పెట్టమనండి. మీ గొంతు మీకు వినబడకపోతే అరవకండి, మానిటర్ స్పీకరు మీ వైపు తిప్పమని ముందే సౌండ్ ఆయనకు చెప్పుకోండి. హార్మోనియం ఆయనతో శ్రుతి సంగతి ఈ వారమే మాట్లాడండి, కొండెక్కాక ఆయన వినరు.